కాసుపై తల యెవరిది?

ఇందూరు మండలమున చెఱకునకు పేరొందిన బోధననే అశ్మకుల పోదనపురమని చరిత్రకారులు పలువురందురు. దానికి దక్షిణమున, మెదకుసీమలోని కొండాపురమున, 1940 ప్రాంతమున త్రవ్వకములు జరుగగా రోమకచక్రవర్తి తిబేరియసు నాణెములను పోలిన మట్టిపతకములు బయల్పడెను. పరదేశపు కాసు మనవారికి ఆభరణమైనదన్నమాట! నల్లగొండసీమ అక్కనపల్లెలో దొరికిన రోమక వెండినాణెములు 1531.

రోమకుల యేలుబడిలోని గ్రీకునగరములు నాణెమునకు ఒకవైపు చక్రవర్తి తలను, రెండవవైపు తఱచుగా తమ యూరి దేవతను ముద్రించుకొనెడివి. మన శాతవాహనులును వెండినాణెములపై పరదేశరీతిని రాజముఖము వేయించిరి. అక్షరములు మాత్రము ఒకవైపు ప్రాకృతము, రెండవవైపు ద్రావిడభాష. వారి శాసనములు చాలవఱకు ప్రాకృతమే పలుకుచుండగా, జనుల పలుకునకు ఈ చిన్న కాసే సాక్షి.

అట్టి కాసు దుక్కిలో దొరికిన తూకము వేయించి కంసాలి కుంపటికి పంపుదుము. దానిపై తల యెవరిదని యడిగిన యిల్లు మేమింకను చూడలేదు.