చచ్చుబడిన కాళ్లకు ఒక పేరు: జీబీఎస్ చరిత్ర

తెలంగాణకు పడమటి అంచున, తాండూరు నాపరాయి గనుల ప్రాంతంలో ఉన్న మండలం బషీరాబాద్. దాని ఆవల కర్ణాటక. తెలుగు, కన్నడం, ఉర్దూ మూడూ కలిసి వినిపించే చోటు. కనుక ఒక మనిషి కాళ్లు ఉన్నట్టుండి చచ్చుబడితే దానికి పెట్టే పేర్లు కూడా మూడు నాలుగుంటాయి. పక్షవాతమని కొందరు, లక్వా అని కొందరు, గాలి సోకిందని మరికొందరు అంటారు. పాత మెదక్, రంగారెడ్డి జిల్లాల పల్లెల్లో వీటన్నిటికంటె భయంకరమైన పేరు ఇంకొకటుంది: బాణామతి. ఆ మాట పుట్టగానే రోగి సంగతి వెనుకబడి, "చేసినవారెవరు?" అన్న వెతుకులాట మొదలవుతుంది. ఆ అనుమానంతోనే మనుషులను కొట్టిన, పళ్లూడగొట్టిన ఉదంతాలు పత్రికలలో ఎన్నో చదివాము.

ఈ టపాలో నేను చెప్పదలచినది ఈ పేర్లలో దేనికీ ఒదగని ఒక చచ్చుబాటు గురించి. 2025 జనవరిలో పుణె నగరంలోను, ఫిబ్రవరిలో గుంటూరు ప్రభుత్వాసుపత్రిలోను కేసులు కనిపించినప్పుడు మన పత్రికలు దీనిని గులియన్ బారే, గిలియన్ బారీ అని పలు విధాలుగా రాశాయి. చాలామంది ఇదేదో కొత్త జబ్బు అనుకున్నారు. కొత్తది కాదు. దీని తొలి వర్ణన మన సిపాయిల తిరుగుబాటు ముగిసిన కాలం నాటిది.

1859లో జాన్ బాప్తిస్త్ లాండ్రీ అనే ఫ్రెంచి వైద్యుడు పాదాల నుండి పైకి పాకే ఒక పక్షవాతాన్ని వర్ణించాడు. 1916లో, మొదటి ప్రపంచయుద్ధం నడుమ, ఫ్రెంచి సైన్యపు నాడీ వైద్య కేంద్రంలో గియాఁ, బారే, స్త్రోల్ అనే ముగ్గురు ఇద్దరు సైనికులను పరీక్షించారు. కాళ్లు చేతులు బలహీనపడ్డాయి, మోకాలి మీద సుత్తితో తట్టినా కాలు కదలలేదు. వెన్నులోని నీరు తీసి చూస్తే అందులో మాంసకృత్తులు ఎక్కువగా ఉన్నాయి, కణాలు మాత్రం పెరగలేదు. సూక్ష్మజీవి వెన్నులో చేరివుంటే కణాలు కూడా పెరగాలి. ఇది వేరే జబ్బు అనడానికి ఆ తేడాయే ఆధారమయింది. ఆ సైనికులిద్దరూ కోలుకున్నారు. మూడవవాడైన స్త్రోల్ పేరు మాత్రం కాలక్రమంలో రాలిపోయింది.

జబ్బుకు పేరు వచ్చింది, కారణం తెలియలేదు. ఆ కారణానికి సంబంధించిన ఒక ఆధారం మన దేశపు చరిత్రలోనే ఉంది. కుక్క కరిస్తే బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు వేయించుకున్న తరం మనలో ఇంకా ఉంది. 1911లో కసౌలీలో డేవిడ్ సెంపుల్ రూపొందించిన పద్ధతిలో తయారైన ఆ టీకా గొర్రె మెదడుతో చేసినది. రేబిస్ లక్షణాలు మొదలయ్యాక బ్రతికినవారు దాదాపు లేరు గనుక ఆ టీకా ఎందరినో కాపాడింది. కాని అది వేయించుకున్నవారిలో కొద్దిమందికి కాళ్లు చచ్చుబడేవి. గొర్రె మెదడుతో పాటు నరాల మీది మైలిన్ అనే కొవ్వు పొర కూడా ఒంట్లోకి పోయేది. దాన్ని శత్రువుగా గుర్తించిన మన రక్షణ కణాలు, అదే పదార్థం మన మెదడులో, వెన్నుపాములో, నరాలలో కనిపించగానే దాని మీదా దాడి చేసేవి. ఈ టీకా తయారీ మన దేశంలో 2004 చివరికి గాని ఆగలేదు.

1955లో వాక్స్‌మన్, ఆడమ్స్ అనే అమెరికా పరిశోధకులు కుందేళ్లకు నరపు ముద్దను సూదిగా ఇచ్చి, గియాఁ-బారేను పోలిన జబ్బు తెప్పించగలిగారు. శరీరమే తన నరాలను తాను గాయపరచుకోగలదని దానితో తేలింది. మరి టీకా, సూది ఏవీ లేనివారికి ఎందుకు వస్తుంది? ఆ జవాబు 1980, 90 దశకాలలో దొరికింది. కలుషితమైన నీటితో, సరిగా ఉడకని కోడిమాంసంతో వచ్చే విరేచనాలకు కారణమయ్యే కాంపైలోబాక్టర్ అనే సూక్ష్మజీవి ఒంటిమీది చక్కెర అణువులు, మన నరాల మీది అణువులను అచ్చుగుద్దినట్లు పోలివుంటాయి. జపాను వైద్యుడు నొబుహిరో యుకి ఈ పోలికను నిరూపించినవారిలో ముఖ్యుడు. విరేచనాలు తగ్గిన ఒకటి రెండు వారాలకు కాళ్లలో తిమ్మిరి మొదలు కావడానికి ఇదీ కారణం. పుణెలో కూడా అనుమానం తాగునీటి మీదికే పోయింది.

చికిత్స ఆ తరువాత వచ్చింది. రక్తంలోని ప్లాస్మాను మార్చే పద్ధతి మేలు చేస్తుందని 1985లో, దాతల రక్తం నుండి తీసిన ఇమ్యునోగ్లోబులిన్ కూడా అంతే మేలు చేస్తుందని 1992లో రుజువైంది. అరవై కిలోల మనిషికి ఐదు రోజులలో మొత్తం 120 గ్రాములు, అంటే ఐదు గ్రాముల సీసాలు 24 కావాలి. సామాన్య కుటుంబానికి మోయలేని భారమే. హైదరాబాదు నాడీ వైద్యులు ఎ.కె. మీనా, జె.ఎం.కె. మూర్తి, ముంబయికి చెందిన ఎస్.వి. ఖాదిల్కర్‌తో కలిసి 2011లో మన దేశ పరిస్థితులకు తగిన చికిత్సా సూత్రాలను ప్రచురించారు. అదే ఏడు జనవరిలో భారతదేశపు చివరి సహజ పోలియో కేసు నమోదయింది. పోలియో పోయాక పిల్లల్లో హఠాత్తుగా వచ్చే చచ్చుబాటుకు ముఖ్య కారణాలలో ఒకటిగా మిగిలినది జీబీఎస్.

ఏడాదికి లక్షమందిలో ఒకరిద్దరికి మాత్రమే వచ్చే జబ్బు గురించి ఇంత చరిత్ర ఎందుకని మీరడగవచ్చు. మిగిలిన పేర్లన్నీ కాలాన్ని తినేస్తాయి గనుక. మామూలు పక్షవాతం ఒక పక్కకు, క్షణాలలో వస్తుంది. ఇది రెండు కాళ్లకూ ఒకేసారి వచ్చి, రోజుల వ్యవధిలో పైకి పాకుతుంది. పాకి ఛాతీ కండరాలను చేరితే శ్వాస ఆగుతుంది. రోగులలో నాలుగోవంతు మందికి కృత్రిమ శ్వాస యంత్రం అవసరపడుతుంది. ఆ గండం దాటితే మాత్రం ఎక్కువమంది నెలల తరబడి నెమ్మదిగా కోలుకొని మళ్లీ నడుస్తారు.

బషీరాబాద్ నుండి హైదరాబాదు నూరు కిలోమీటర్లకు పైమాట. రోగిని మంత్రగాడి గుమ్మంలో రెండు రోజులు, పసరు మందుకు మరో రెండు రోజులు ఉంచితే, బండి ఎక్కించేనాటికి ఊపిరి అందకపోవచ్చు. అదే, మొదటి రోజునే ఎవరో ఒకరు "రెండు కాళ్లకూ వచ్చింది, మొన్న విరేచనాలయ్యాయి, ఇది ఆ నరాల జబ్బేమో" అనగలిగితే ఒక ప్రాణం నిలవవచ్చు. బాణామతి పేరిట పక్కింటి ముసలమ్మ మీద పడబోయే దెబ్బలు కూడా తప్పవచ్చు.

మీ ఊళ్లలో ఇట్టి చచ్చుబాటును ఏ పేరుతో పిలుస్తారో తెలిసినవారు వ్యాఖ్యలలో రాయగలరు. ఆ పేర్లన్నీ ఒకచోట చేరితే వైద్యులకూ పనికివస్తాయని నా నమ్మకం.