కథలోని కుటుంబం – ఇంటిలోని కుటుంబం: మార్లవాయి చూపిన పరిశోధన మార్గం

1940లో కుమ్రం భీము హత్యానంతరం నిజాం ప్రభుత్వం ఆదిలాబాదు గోండుల స్థితిగతుల అధ్యయనాన్ని ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌కు అప్పగించింది. ఆయన భార్య బెట్టీతో మార్లవాయిలో గోండుల నడుమ నివసించి పరిశోధించారు. 1948లో ‘ది రాజ్ గోండ్స్ ఆఫ్ ఆదిలాబాద్’ వెలువడింది. గోండులకు భూమి పట్టాలు దక్కడానికీ ఆ కృషి తోడ్పడింది.

గోండుల బంధుత్వానికి సగ విభజన మూలం. నాలుగు, ఐదు, ఆరు, ఏడు అన్నదమ్ముల సగలలో ఒకే సగవారి మధ్య వివాహం నిషిద్ధం. ఈ సగల పుట్టుకను ప్రధానులు కిక్రి వాయిస్తూ గానం చేస్తారు. అయితే కథకుడు చెప్పేది నియమం. ఆ నియమం ఏ ఇంట ఎట్లా నిలిచిందో, భూమి చేజారినప్పుడు అన్నదమ్ములు ఎట్లా వేరుపడ్డారో తెలియాలంటే ఇంటింటి వంశక్రమాన్ని విడిగా నమోదు చేయాలి. మార్పు ఒక్క రాకతో తెలియదు. హైమన్‌డార్ఫ్ 1970వ దశకంలో తిరిగివచ్చి, 1979 నాటి గ్రంథంలో గోండుల సంప్రదాయాన్నీ మార్పునూ కలిపి పరిశీలించడం ఇందుకే విలువైనది.

పెద్దపల్లి ప్రాంతపు ఒగ్గుకథల అధ్యయనానికీ ఈ వివేచన అవసరం. మల్లన్న, బీరప్ప కథలలోని బంధుత్వాలను కురుమ, యాదవ కుటుంబాల చరిత్రగా నేరుగా స్వీకరించరాదు. గోదావరిఖని బొగ్గుగనుల్లో చేరిన కుటుంబానికీ, గొర్రెల మందతో ఊళ్ళోనే మిగిలిన కుటుంబానికీ అదే కథ ఒకే అర్థం ఇవ్వకపోవచ్చు. కాబట్టి కథాపాఠంతోపాటు కథ చెప్పించిన ఇంటి వివరాలనూ, అది చెప్పించుకున్న సందర్భాన్నీ నమోదు చేయాలి. కొన్నేళ్ళ తరువాత మళ్ళీ ఆ ఇంటికే వెళ్ళాలి. అప్పుడే జానపద సాహిత్యం కుటుంబ చరిత్రకు విశ్వసనీయమైన ఆధారం కాగలదు.