అంగడి యిండ్లు - నగర నిర్మాణము

క్రింద అంగడి, మీద కాపురము. ఇట్టి కట్టడము మనవారికి క్రొత్తది కాదు. బెంగుళూరు చిక్కపేటలోను, చెన్నపట్టణపు జార్జిటౌనులోను, బరంపురము బజారులోను పాత వర్తకుల యిండ్లు ఇట్టివే. షోలాపురమునకు వలసపోయిన పద్మశాలీల యిండ్లలో అంగడికి మారుగా మగ్గ ముండెను. వీథిని వెడల్పు చేయవలెనని తలచినప్పుడెల్ల పురపాలకుల కన్ను మొదట పడునది ఈ యిండ్లమీదనే. వీనిని పడగొట్టవలెనా, నిలుపవలెనా యని తర్కించువారు సింగపూరు, పెనాంగు పట్టణముల చరిత్రను చూడవలెను. అచ్చట రెండును జరిగినవి.

1819లో స్టాంఫర్డు రాఫిల్సు సింగపూరులో కంపెనీవారి స్థావరమును నెలకొల్పెను. 1822లో వీథుల నేర్పాటుకై ఒక సంఘమును నియమించి, దానికొక నిబంధన విధించెను. ప్రతి యింటి ముందును వసారా యుండవలెను. వసారాలన్నియు ఒకదానితో నొకటి కలిసి, వీథి పొడవునను ఎండవానలు తగులని బాట కావలెను. దీనిని మలయు భాషలో ‘కాకి లిమా’ అందురు. ఐదడుగులని అర్థము. మన అరుగు ఇంటివాని సొత్తు. బాటసారి దానిపై కూర్చుండుట ఇంటివాని మర్యాదవలన. అచ్చటి వసారాలో నడచుట బాటసారికి హక్కు. మా దృష్టిలో ఆ నగర నిర్మాణమంతయు ఈ ఒక్క భేదములోనే యున్నది.

ఇంటి వెడల్పు సాధారణముగా 16 మొదలు 20 అడుగులు. దూలపు కొయ్య అంతకు మించి దొరకకుండుటయే కారణము. లోతు మాత్రము నూరడుగులు దాటుటయు కలదు. రెండిండ్లకు నడుమ ఒకే గోడ. నడియింట ఆకాశము కనబడునట్లు విడిచిన చోటు మన మండువా వంటిదే. గాలియు వెలుతురును దానినుండియే వచ్చును.

ఈ యిండ్లలో నివసించినవారు అధికముగా చీనీయులు. మన తీరమునుండి పోయిన వారినందరిని అచ్చట ‘క్లింగు’ అనుచుండిరి. ఇది కళింగ శబ్దమునుండి వచ్చినదని చెప్పుదురు. అరవవాడా, తెలుగువాడా యను విచక్షణ లేక అందరికిని అంటినది. తరువాత అది తూలనాడు మాటగా మారెను. (యానాము చెంతనున్న కోరంగి రేవునుండి ఓడ లెక్కినవారు రంగూనుకు పోగా, బర్మాలో తెలుగువారికి ‘కోరంగీలు’ అను పేరు కలిగెను.)

పాత యింటిని స్వర్గమని వర్ణించుట న్యాయము కాదు. వర్తకులు వసారాలలో సరుకు పేర్చుకొనుచుండగా, పురపాలక సంఘమువారు తొలగింపబూనిరి. 1888 ఫిబ్రవరిలో అంగళ్లు మూతబడి, వీథులలో అల్లరులు చెలరేగెను. లోపలి గదులను పలకలతో చీల్చి, వెలుతురు సోకని అరలలో కూలివారికి అద్దె కిచ్చుచుండిరి. సింగపూరు ఆరోగ్యస్థితిని పరిశీలించి 1907లో నివేదిక ప్రకటించిన డాక్టరు సింప్సను, ఇండ్ల వెనుక సందులు తీయవలెనని సలహా నిచ్చెను. 1960లో గృహనిర్మాణ మండలి యేర్పడిన పిమ్మట, జనులు క్రొత్త భవంతులకు తరలిపోగా, పాత వీథులు అనేకము నేలమట్టమయ్యెను.

పిదప ప్రభుత్వపు ఆలోచన మారెను. 1989లో చైనాటౌను, లిటిల్ ఇండియా, కంపాంగ్ గ్లాం మొదలగు పేటలను రక్షిత ప్రాంతములుగా ప్రకటించిరి. నేడు రక్షణ పొందిన కట్టడములు 7,000కు పైబడి యున్నవి; వానిలో అధికభాగము అంగడి యిండ్లే. ముందరి గోడ, పెంకుల కప్పు మార్చరాదు గాని, లోపల జరుగు వ్యాపారము మారవచ్చును. అట్లే మారినది. కొట్లున్నచోట భోజనశాలలును కచ్చేరీలును వెలసినవి.

పెనాంగు కథ ఇంకను బాధాకరము. 1948 జనవరి 31కి ముందు కట్టిన యిండ్ల అద్దెలను 1966 నాటి చట్టము అదుపులో నుంచెను. ఇంటి యజమానికి వచ్చునది స్వల్పము గనుక కప్పు కారినను బాగుచేయడు. అద్దెకున్నవాడు మాత్రము తరతరములుగా అచ్చటనే చాపలల్లుచునో, బంగారము పని చేయుచునో బ్రతికెను. ఆ చట్టమును 1997లో రద్దుచేసి, 1999 చివరివరకు గడువిచ్చిరి. గడువు తీరగనే అద్దెలు పెరిగెను, పాతకాపులు వెడలిపోయిరి. ఖాళీపడిన కొన్ని మేడలలో గూళ్ల విక్రయమునకై పక్షులను పెంచిరి. మనుష్యులున్న గదులలో పక్షులు కాపురముండెను! 2008లో యునెస్కోవారు పెనాంగు జార్జిటౌనును, మలక్కాను ప్రపంచ వారసత్వ స్థలములుగా గుర్తించునప్పటికి గోడలు మిగిలెను గాని, పాత యిరుగుపొరుగు చాలవరకు చెదరిపోయెను.

దస్త్రముల నడుమ కాలము గడిపిన మాకు ఇందులో వింత కనబడదు. మేము చూచిన రిజిస్టర్లలో సర్వే నంబరుకు, ఇంటి కొలతకు, యజమాని పేరునకు, పన్నుకు గడులుండెను. మేడమీద ఎవరున్నారు, ఎన్నేండ్లనుండి ఏ వృత్తి చేయుచున్నారు అను దానికి గడి లేదు. గడి లేనిది పటములోనికి రాదు. పటములో లేనివానికి పరిహారమడుగు దారియు కష్టమే.

మన బజారులలో అనేకులు యజమానులు కారు, అద్దెకున్నవారు. కొలత గొలుసు వీథిలోనికి రాకమునుపే, ఇంటింటికిని తిరిగి కాపురమున్నవారి పేరు, వృత్తి, అద్దె రసీదు మొదలయిన సంవత్సరము వ్రాసి యుంచుట మన సంఘముల చేతిలోని పని. ఒక పెద్ద నోటు పుస్తకమును, ఇద్దరు చదువుకొన్న కుర్రవాండ్రును చాలును.