బ్లూ క్యూబ్: ఉపగ్రహాలను నడిపిన స్థావరం

పిల్లలూ, ఉపగ్రహాన్ని పైకి పంపితే పని అయిపోదు, కింది నుంచి నడిపించాలి కదా! అమెరికాలోని కాలిఫోర్నియాలో, సన్నీవేల్ వైమానిక దళ స్థావరం ఆ పని చేసేది. అక్కడి కిటికీలు లేని నీలిరంగు భవనాన్ని జనం ‘బ్లూ క్యూబ్’ అనేవారు. 1960లలో కరోనా నిఘా ఉపగ్రహాల అదుపు సన్నీవేల్ నుంచే జరిగేది.

ఇలాంటి కేంద్రాల్లో ముఖ్య భాగాలు ఇవి:

డిష్ యాంటెన్నా – బలహీనమైన సంకేతాన్ని ఒకచోటికి చేరుస్తుంది.
యాంప్లిఫయర్ – దాన్ని పెంచుతుంది.
రిసీవర్ – అందులోని సమాచారాన్ని విడదీస్తుంది.
కంప్యూటర్ – ఉపగ్రహం ఎక్కడుందో లెక్క కడుతుంది.
ట్రాన్స్‌మిటర్ – ఆదేశాన్ని పైకి పంపుతుంది.

ఈ వరుసలో ఒక్కటి ఆగినా ఉపగ్రహంతో మాట తెగిపోతుంది.

1986 జనవరి 28న ఛాలెంజర్ ప్రమాదంలో చనిపోయిన ఏడుగురిలో ఒకరైన ఎలిసన్ ఒనిజుకా పేరును తర్వాత ఈ స్థావరానికి పెట్టారు. 2014లో భవనాన్ని కూల్చేశారు. ఒకప్పుడు రహస్యంగా కాపాడిన ఆ స్థలంలో కొంత భాగంలో ఇప్పుడు ఫుట్‌హిల్ కళాశాల తరగతులు నడుస్తున్నాయి.