చీకటి గుడిసె: మంచుగడ్డ క్రింద చేపల వేట

శీతకాలమున ఉత్తర అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రమునకు పోయి ఒక సరస్సును చూచినచో, నీటికి బదులు తెల్లని మైదానము కానవచ్చును. ఆ మైదానముపై అక్కడక్కడ చెక్కతో గాని మందపు గుడ్డతో గాని కట్టిన చిన్న గుడిసెలు ఉండును. తలుపు మూసినచో వాని లోపల అంతయు చీకటి. ఆ చీకటిలో ఒక మనిషి పీటపై కూర్చుండి, కాళ్లయెదుట మంచుగడ్డలో కోసిన రంధ్రములోనికి రెప్పవేయక చూచుచుండును. అతని ప్రక్కన పొడవైన బల్లెము ఉండును. ఒక చేతిలో దారము ఉండును. దారము చివర, నీటిలో, చెక్కతో చెక్కిన బొమ్మచేప ఆడుచుండును. అతడు ఎదురుచూచుచున్నది పైక్ అను పెద్ద చేప కొరకు.

గుడిసెలో చీకటి యైనను, రంధ్రము క్రింది నీరు మాత్రము దీపము పెట్టినట్లు వెలుగుచుండును. అడుగున నున్న గులకరాళ్లు కూడ కనబడును. వెలుతురులో నిలిచి చూచిన కనబడని అడుగు, చీకటిలో కూర్చుండి చూచిన ఏల కనబడును? ఈ రహస్యమును మొదట కనిపెట్టి వాడుకొన్నవారు ప్రయోగశాలలలోని పండితులు కారు. మహాసరోవరముల తీరములందు జీవించిన ఓజిబ్వే మున్నగు ఆదిమజాతులవారు. వారి ఈ విద్యలో భౌతికశాస్త్రము కలదు, జీవశాస్త్రము కలదు. ఒక జాతి తన బ్రతుకుతెరువును నిలుపుకొనుటకై చేసిన పోరాటము కూడ కలదు.

సరస్సు పైనుండియే గడ్డకట్టుటకు కారణము

చాల ద్రవములు చల్లబడినకొలది సాంద్రత పెరిగి క్రిందికి దిగును. నీరును కొంతవరకు అంతే. కాని 4 సెంటిగ్రేడు డిగ్రీల వద్ద నీటి సాంద్రత అత్యధికము. అంతకంటె చల్లబడిన నీరు మరల తేలికయై పైకి చేరును. పైననున్న ఆ నీరే 0 డిగ్రీల వద్ద గడ్డకట్టును. గడ్డ సాంద్రత నీటి సాంద్రతలో సుమారు 92 శాతము మాత్రమే. కావున అది తేలుచుండును. ఒకసారి పొర ఏర్పడిన పిదప అది కంబళి వలె పనిచేసి, క్రింది నీటి వేడిమి త్వరగా పోకుండ కాపాడును. పైన గాలి సున్నకు 30 డిగ్రీలు తక్కువగా ఉన్నను, లోతైన సరస్సు అడుగున నీరు 4 డిగ్రీలకు దరిదాపులలో ఉండును.

నీటికి ఈ గుణము లేకున్నచో శీతల దేశములలోని సరస్సులు అడుగు నుండి గడ్డకట్టుచు వచ్చి, చేపలకు చోటు లేకుండ పోయెడిది. చేప మంచు క్రింద బ్రతుకుటకును, మనిషి మంచుపై నిలిచి దానిని పట్టుటకును మూలము ఇదియే.

పొంచియుండు చేప

పైక్ చేపకు 1758లో లినేయస్ ఈసాక్స్ లూసియస్ అను శాస్త్రనామము ఉంచెను. ఇది ఐరోపా, ఆసియా, ఉత్తర అమెరికా ఖండముల ఉత్తరభాగములందలి మంచినీటిలో పెరుగును. మన నదులలో, చెరువులలో ఇది లేదు. సన్నని పొడవాటి దేహము, బాతు ముక్కు వంటి మూతి, వాడియైన పండ్లు దీని గుర్తులు. మన కొర్రమీను వలె ఇదియు నాచు మాటున కదలక పొంచియుండి, చిన్నచేప సమీపించినంతనే బాణము వలె దూకి పట్టును. మీటరును మించి పెరుగు పైక్‌లును కలవు.

చలిలో చాల చేపలు మందగించి తిండి తగ్గించును. పైక్ మాత్రము మంచు క్రింద కూడ వేటాడుచునే యుండును. ఎరను ముఖ్యముగా కంటితోనే గుర్తించును. ఈ రెండు లక్షణములే దానికి ప్రాణాంతకములు. శీతకాలమున తిరుగాడు చేప కనుక మనిషికి దొరకును. కంటిని నమ్ము చేప కనుక బొమ్మను చూచి మోసపోవును.

హెన్రీ వ్రాసిన సాక్ష్యము

అలెగ్జాండర్ హెన్రీ అను బొచ్చుతోళ్ల వర్తకుడు 1761లో మహాసరోవరముల ప్రాంతమునకు వచ్చి, అనేక సంవత్సరములు ఓజిబ్వేల నడుమ తిరిగెను. తన అనుభవములను 1809లో న్యూయార్కున గ్రంథముగా ప్రచురించెను. మంచు క్రింద చేపను బల్లెముతో పొడుచు పద్ధతిని అందులో వివరముగా వర్ణించెను.

ఆ వర్ణన ప్రకారము, ముందు మంచులో సుమారు రెండు గజముల చుట్టుకొలత గల రంధ్రము కోయుదురు. దానిపై చిన్న కొమ్మలతో రెండడుగుల ఎత్తు గూడు కట్టి, వెలుతురు ఏమాత్రము చొరకుండ తోళ్లు కప్పుదురు. వేటగాడు బోర్లపరుండి తల మాత్రము ఆ గూటిలో ఉంచును. పది అడుగుల కర్రకు ఇనుప మొన బిగించిన బల్లెమును నీటిలోనికి దించును. సీసము నింపిన కొయ్యచేపను దారముతో పది బారల లోతు వరకు వదలి, దారమును లాగుచు దానిని నిజమైన చేప వలె ఈదించును. పెద్దచేప మీదికి దూకగానే బొమ్మను అందకుండ లాగివేయును. పిదప బొమ్మను పైకి తెచ్చును. చేప తేరుకొని మరల వచ్చులోపల బల్లెమును సిద్ధము చేసికొని, అది రాగానే వీపున పొడుచును.

హెన్రీ మరియొక సంగతియు గమనించెను. మంచు రెండడుగుల మందమున్నను, మూడు బారల లోతున అడుగుపై చేపల నీడలు కదలుచుండుట ఆయన పలుమార్లు చూచెను. నీడ పడవలెనన్న పైనుండి వెలుగు రావలెను గదా! మంచుగడ్డ గుండ సూర్యకాంతి ఎంతగా దిగుచున్నదో ఈ ఒక్క పరిశీలనమే చెప్పుచున్నది.

చీకటి చూపించు వెలుగు

ఇందలి సూత్రము సులభమైనది. ఆరుబయట నీటివైపు చూచినప్పుడు రెండు విధముల వెలుతురు కంటికి చేరును. ఒకటి ఆకాశము నుండి వచ్చి నీటిపై పరావర్తనము చెందినది. రెండవది నీటిలోని వస్తువుల నుండి బయలుదేరి పైకి వచ్చునది. మొదటిది బలమైనది, రెండవది బలహీనమైనది. బలమైన వెలుతురులో బలహీనమైనది మరుగుపడును. గుడిసె చేయు పనియల్ల మొదటిదానిని అడ్డగించుటయే. సరస్సు అంతట మంచు గుండ దిగిన కాంతి నీటిని వెలిగించుచుండును, రంధ్రము మీద మాత్రము ఆకాశపు మెరుపు ఉండదు. చీకటికి అలవడిన కంటిపాప పెద్దదగుట అదనపు లాభము.

దీనిని బడిలో పరీక్షింపవచ్చును. గాజు తొట్టిలో నీరు పోసి అడుగున నాణెము ఉంచి, ఆరుబయట వాలుగా పైనుండి చూడవలెను. పిదప తలను, తొట్టి పైభాగమును నల్లని గుడ్డతో కప్పి, ప్రక్కల గాజు నుండి వెలుతురు వచ్చునట్లు వదలి చూడవలెను. తేడా వెంటనే తెలియును. బావిలోనికి తొంగిచూచువానికి తన తల నీడ పడిన చోటనే నీటి లోతు కనబడుటయు ఇట్టిదే.

వక్రీభవనము వలన మరియొక చిక్కు కలదు. ఒడ్డున నిలిచి ఏటవాలుగా చూచువానికి చేప ఉన్నచోటికంటె పైన ఉన్నట్లు తోచును. అందుచేత గురి తప్పును. రంధ్రము మీద నిట్టనిలువుగా చూచువానికి ప్రక్కకు తొలగుట ఉండదు, లోతు మాత్రము మోసము చేయును. నాలుగు మీటర్ల లోతున నున్న చేప మూడు మీటర్ల లోతుననే ఉన్నట్లు కనబడును. అనుభవము గల వేటగాడు ఈ లెక్కను కాగితముపై కాక చేతితో నేర్చుకొనును.

బల్లెము, బొమ్మ, క్రొత్తవాని పాఠములు

ఉత్తర ధ్రువప్రాంతపు ఇన్యూట్ జాతివారు కకివక్ అను మూడు పాయల బల్లెము వాడుదురు. నడిమి మొన చేపను గ్రుచ్చును. వంగు గుణము గల ప్రక్క పాయలు, లోపలివైపు ముళ్లతో, చేపను జారిపోకుండ పట్టును. ఎముకతో, దంతముతో చెక్కిన చిన్న చేపబొమ్మలను వారును ఎరగా ఆడించెడివారు. మిన్నెసోటా బల్లెమునకు అనేక ఉక్కు మొనలు, మొనలకు ఎదురుముళ్లు ఉండును. అది తన బరువుతోనే దిగునట్లు చేయబడును, పైకొనకు త్రాడు కట్టబడును. ఓజిబ్వే బొమ్మచేప పొట్టను తొలిచి సీసము పోయుదురు. రెక్కలను, తోకను తగినట్లు అమర్చినచో దారము కదిపినప్పుడెల్ల అది గుండ్రముగా ఈదును. ఫ్రాన్సెస్ డెన్స్‌మోర్ 1929లో ప్రచురించిన ఓజిబ్వే ఆచారముల గ్రంథమున వారి చేపలవేట పద్ధతులు నమోదైనవి. ఐరోపా నుండి వచ్చి స్థిరపడినవారు ఈ విద్యను వారి వద్దనే చూచి నేర్చిరి.

క్రొత్తగా నేర్చువాని మొదటి పాఠము బల్లెము కాదు, మంచు మందము. ఒక మనిషి నడచుటకు కనీసము 4 అంగుళముల గట్టి పారదర్శకమైన మంచు ఉండవలెనని మిన్నెసోటా ప్రకృతివనరుల శాఖ చెప్పును. తెల్లని మంచులో గాలిబుడగలు ఉండుటచే దాని బలము తక్కువ. రెండవ పాఠము చోటు. నాచుమొక్కలున్న లోతు తక్కువ నీరు పైక్‌కు ఇష్టము. మూడవది ఓపిక. గంటలకొలది ఏమియు కనబడక, ఒక్క క్షణమున పొడవాటి ఆకారము నీడ వలె ప్రత్యక్షమగును. అప్పుడు బల్లెమును విసరరాదు. మొనలను చప్పుడు కాకుండ నీట ముంచి, తల వెనుక భాగమునకు గురిచూచి, ఒక్కసారిగా దింపవలెను. పని ముగిసిన పిదప రంధ్రము చుట్టు కొమ్మలు నాటి గుర్తుంచుట ధర్మము. పలుచని పొర కట్టిన ఆ గోతిలో మరియొకడు కాలు పెట్టకుండుటకు అది కాపుదల.

అన్నిటికంటె కఠినమైన పాఠము మరియొకటి. గాలముతో పట్టిన చేప చిన్నదైన వదలివేయవచ్చును. బల్లెము తగిలిన చేపను వదలినను ప్రయోజనము లేదు. కావున కొట్టుటకు ముందే దాని జాతిని, పరిమాణమును కంటితో నిర్ణయింపవలెను. సందేహమున్నచో చేయి ఆపవలెను.

ఒక రంధ్రము, రెండు ఒప్పందములు

1837లో ఓజిబ్వేలు నేటి విస్కాన్సిన్, మిన్నెసోటా రాష్ట్రములలోని విశాలమైన అడవి భూములను అమెరికా ప్రభుత్వమునకు అప్పగించిరి. 1842లో మరికొంత భూమి పోయినది. కాని ఆ భూములలో వేటాడు హక్కు వారు వదలుకొనలేదు. 1837 ఒప్పందమున చేపలు పట్టుట, వేటాడుట, అడవివరి ఏరుకొనుట అను హక్కులు స్పష్టముగా వ్రాయబడెను. భూమి ఇచ్చిరి కాని తిండి ఇవ్వలేదన్న మాట.

1850లో వారిని పడమరకు తరలింపవలెనని అధ్యక్షుడు ఆజ్ఞాపించెను. ఏటేట ఇచ్చు సొమ్మునకై ఆ శరత్కాలమున వారిని దూరమున నున్న శాండీ లేక్‌కు రప్పించిరి. సొమ్ము, సరకులు సకాలమున రాలేదు. ఆకలి, రోగము, చలి కలిసి వందలమందిని బలిగొనెను. మిగిలినవారు తమ సరస్సుల యొద్దకే తిరిగి వచ్చిరి. కాలక్రమమున రాష్ట్రప్రభుత్వములు తమ చట్టములను వారిపై అమలుజరిపి, కేటాయించిన గ్రామముల హద్దు దాటి బల్లెము పట్టినవారిని శిక్షింపసాగెను.

1974 మార్చి 8వ తేదీన విస్కాన్సిన్‌లో లాక్ కూర్ట్ ఒరెయ్ తెగకు చెందిన ఇద్దరు సోదరులు హద్దు దాటి, చీఫ్ సరస్సుపై మంచులో రంధ్రము కోసి చేపలను పొడిచిరి. అధికారులు వారిని పట్టుకొనిరి. బల్లెము కలిగియుండుట, పేరు, చిరునామా లేని గుడిసెలో కూర్చుండుట వారిపై మోపిన నేరములు. తెగ న్యాయస్థానమునకు పోయెను. 1978లో క్రింది న్యాయస్థానము వారికి వ్యతిరేకముగా తీర్పు చెప్పెను. 1983 జనవరి 25న అప్పీలు న్యాయస్థానము దానిని త్రోసిపుచ్చి, ఒప్పందపు హక్కులు సజీవముగా ఉన్నవని తీర్మానించెను.

తీర్పు వచ్చినంతమాత్రమున శాంతి రాలేదు. వసంతకాలమున పడవలపై చేపలను పొడువవచ్చిన ఓజిబ్వేల మీదికి రేవులలో జనము గుమిగూడి తిట్లు, రాళ్లు విసరిరి. సరస్సులు ఖాళీయగునని భయపెట్టిరి. ఈ భయమునకు సమాధానము చెప్పినది లెక్క. తెగలు 1984లో సంయుక్త సంఘము ఏర్పరచుకొని, జీవశాస్త్రజ్ఞులను నియమించి, సరస్సులలో చేపల సంఖ్యను అంచనా కట్టి, ఒక్కొక్క సరస్సుకు పరిమితి నిర్ణయించుకొనసాగెను. 1999 మార్చి 24న అమెరికా అత్యున్నత న్యాయస్థానము మిన్నెసోటా కేసులో 1837 నాటి హక్కులు చెల్లునని, ఐదుగురు న్యాయమూర్తులు ఒకవైపు, నలుగురు మరియొకవైపు నిలువగా, తీర్పు చెప్పెను. 1850 నాటి ఆజ్ఞ ఆ హక్కులను రద్దుచేయలేదని నిర్ణయించెను.

హెన్రీ చూచిన తోళ్ల గూటికిని నేటి గుడిసెకును నడుమ రెండువందల యేండ్లకు పైగా గడచినవి. ఇనుము ఉక్కైనది, తోలు గుడ్డయైనది. నీరు 4 డిగ్రీల వద్ద బరువెక్కు గుణము మారలేదు. చీకటిలో కూర్చుండిన కంటికి అడుగు కనబడు సూత్రమును మారలేదు. ప్రకృతిని ఓపికతో గమనించినవాడు, చదువు ఉన్నను లేకున్నను, శాస్త్రజ్ఞుని త్రోవలోనే నడచుచున్నాడనుటకు మంచుమీది ఈ చీకటి గుడిసె ఒక నిదర్శనము.