డాకఖానా ముందు కతార్

మా నానీది పెద్దాపురం. డబ్బు దాచుకోవడం గురించి ఆవిడకు ఒకటే ఉసూల్: డబ్బు చేతికందేంత దూరంలో ఉండాలి. బియ్యం డబ్బాలో ఒక గుడ్డ మూట, పాన్‌దాన్ అడుగున మడతపెట్టిన నాలుగు నోట్లు. అదే ఆవిడ ఖజానా. బ్యాంకులో వేసుకోవచ్చు కదా నానీ అంటే, "మా అబ్బా డాకఖానాలో వేశారు. జర్మన్ జంగ్ వచ్చిన ఏడాది పరిగెత్తుకెళ్లి తెచ్చుకున్నారు" అనేది.

"మరి ఇచ్చారా?"

"అణా పైసలతో సహా ఇచ్చారు."

ఇచ్చేశారంటే ఇంక భయమెందుకో నాకు అర్థమయ్యేది కాదు. అప్పటికి నేను ఉర్దూ మీడియం బడిలో జమా, తఫ్రీఖ్ లెక్కలు చేసుకుంటున్న పిల్లవాణ్ని.

అర్థమైంది చాలా ఏళ్ల తర్వాత, మా అబ్బా ఒక సహకార బ్యాంకు షట్టర్ ముందు కతార్‌లో నిలబడినప్పుడు. బ్యాంకు పేరు రాయను. రాష్ట్రంలో అలాంటివి ఒకదాని వెంట ఒకటి కూలిన రోజులవి. షట్టర్ మీద ఒక కాగితం అంటించారు: అఫ్వాహ్‌లు నమ్మవద్దు, మీ సొమ్ము భద్రం. అబ్బా రిటైరైన టీచర్. కాగితం మీద రాసినదాన్ని నమ్మడం ఆయన వృత్తి. రెండు రోజులు నమ్మి ఇంటికొచ్చేశారు. మూడో రోజు షట్టర్ లేవలేదు. ఇన్సూరెన్స్ కింద లక్ష రూపాయల వరకే ఇస్తారని తర్వాత తెలిసింది. ఆ లక్ష రావడానికి కూడా ఏళ్లు పట్టింది. మిగతాది ఇప్పటికీ పాస్‌బుక్కులో అంకెలుగానే ఉంది.

ఇలా జనం ఒక్కసారిగా బ్యాంకు మీదికి వెళ్లడాన్ని ఇంగ్లీషువాళ్లు పరుగు అంటారు. నానీ మాట ఇంకా బాగుండేది: భగ్‌దడ్. పరుగులో కనీసం ఎటు పోతున్నామో తెలుస్తుంది, భగ్‌దడ్‌లో అది కూడా తెలియదు. అబ్బా కతార్‌కీ, నానీ వాళ్ల అబ్బా కతార్‌కీ ఏం సంబంధమో చూద్దామని పాత తవారీఖ్ తిరగేయడం మొదలుపెడితే, దారి పెద్దాపురం నుంచి ఎక్కడో ఇంగ్లండ్‌లోని ఒక నేతపనివాళ్ల ఊరికి వెళ్లింది.

ఆ ఊరు రోచ్‌డేల్. మన పెద్దాపురానికి పట్టు నేత ఎలాగో, దానికి ఉన్ని, నూలు మిల్లులు అలాగ. అక్కడి గరీబులు వారం కూలీలో మిగిలిన నాలుగు డబ్బులు దాచుకోవడానికి ఒక సేవింగ్స్ బ్యాంకు ఉండేది. పంతొమ్మిదో శతాబ్దపు మొదట్లో ఇలాంటివి బ్రిటన్ అంతటా పుట్టాయి. ఊరి పెద్దమనుషులు ట్రస్టీలు. పాదరీ, మిల్లు యజమాని, జమీందారు పేర్లు బోర్డు మీద ఉంటాయి. లెక్కలు చూసేది మాత్రం ఒక్క గుమాస్తా. రోచ్‌డేల్‌లో ఆ లెక్కలు చూసినవాడు జార్జ్ హావర్త్. తనే మిల్లు యజమాని, ఊళ్లో ఎంతో ఎతబార్ ఉన్న మనిషి. 1849లో అతను చనిపోయాక పుస్తకాలు తెరిస్తే 71 వేల పౌండ్లకు పైగా మాయం. జనం పాస్‌బుక్కుల్లో అంకెలు ఉన్నాయి, బ్యాంకు ఖాతాల్లో లేవు.

దానికి ముందు ఏడాదే, 1848లో, కరువుతో అల్లాడుతున్న ఐర్లండ్‌లో ట్రలీ, కిలార్నీ అనే రెండు చిన్న ఊళ్లలోనూ సేవింగ్స్ బ్యాంకులు మూతపడ్డాయి. ట్రలీలో కూడా లెక్కలు చూసేవాడి ఖయానతే.

నన్ను ఎక్కువగా ఆపేసింది ఖయానత్ కాదు. దొంగలు ఏ జమానాలో లేరు? ఆ తర్వాత జరిగింది చూడండి. జనం పెద్దమనుషుల దగ్గరికి వెళ్లి మీ పేర్లు చూసే కదా వేశాం అంటే, వాళ్లు 1844 నాటి చట్టం చూపించారు. తాము జిమ్మేదార్ అని ముందుగా రాసి సంతకం పెడితే తప్ప, ట్రస్టీ జేబులోంచి చిల్లిగవ్వ ఇవ్వక్కర్లేదని అందులో ఉంది. సర్కార్ దగ్గరికి వెళితే, మీ గుమాస్తా మాకు పంపిన సొమ్ముకే మా హామీ, పంపనిదానికి కాదు అంది. పేర్లు బోర్డు మీద ఉన్నాయి, జిమ్మేదారీ మాత్రం ఎవరిదీ కాదు. అబ్బా బ్యాంకు బోర్డు మీదా గొప్ప గొప్ప పేర్లే ఉండేవి.

(ఒక వింత. ప్రపంచ సహకార ఉద్యమం తనకు పుట్టినిల్లుగా చెప్పుకునేది ఇదే రోచ్‌డేల్‌ని. 1844లో అక్కడి నేతపనివాళ్లు పెట్టుకున్న దుకాణంతోనే అది మొదలైందంటారు. ఈ సంగతి అబ్బాకి చెబితే నవ్వలేదు.)

ఆ దెబ్బల తర్వాత, 1861లో, గ్లాడ్‌స్టన్ బ్రిటన్‌లో పోస్టాఫీసు సేవింగ్స్ బ్యాంకు పెట్టించాడు. మధ్యలో పెద్దమనుషులు లేరు. డాకఖానా కిటికీలో వేసిన ప్రతి పెన్నీకీ సర్కారే నేరుగా జిమ్మేదార్.

హిందుస్తాన్‌లో సర్కారీ సేవింగ్స్ బ్యాంకులు 1833, 1835 మధ్య కలకత్తా, మద్రాసు, బొంబాయిల్లో మొదలయ్యాయి. అవి పెద్ద ఊళ్ల సంగతి. 1870లో కొన్ని జిల్లా ఖజానాలకు సేవింగ్స్ బ్యాంకుల్ని జోడించారు. ఖజానా అంటే తుపాకీ పట్టుకున్న జవాను, లోపల దొరలు. పట్టు నేసేవాడు, బీడీలు చుట్టేవాడు, కూరలమ్మేవాడు అక్కడికి పావలా పట్టుకుని ఏం వెళ్తాడు? అసలు మార్పు 1882 ఏప్రిల్ 1న వచ్చింది. ఆ రోజు నుంచి డాకఖానాలే బ్యాంకులయ్యాయి. నాలుగణాలతో ఖాతా. 1886లో జిల్లా ఖజానా బ్యాంకుల్ని, 1896లో ప్రెసిడెన్సీ నగరాల బ్యాంకుల్ని కూడా ఇందులోనే కలిపేశారు. రోచ్‌డేల్ మిల్లు కూలీలు కార్చిన కన్నీళ్లకు దొరికిన మందు, ముప్పై ఏళ్ల పైచిలుకు ప్రయాణం చేసి, గోదావరి జిల్లా తాలూకా ఊళ్లకు చేరింది.

మాటలు మాత్రం మనకు కొత్తవి కావు. జమా, ఖర్చు, బాకీ, వసూలు, రసీదు, ఖాతా, ఖజానా, జామీను. తెలుగు లెక్కల పుస్తకం తెరిస్తే సగం మా నానీ భాషే. డిగ్రీలో తెలుగు చదివేటప్పుడు మా మాస్టారు ఇవన్నీ 'అన్యదేశ్యాలు' అని చెప్పినప్పుడు నాకు లోపల్లోపల నవ్వొచ్చేది. పరాయి సరుకైతే ఊరి షావుకారు ఇన్ని తరాలు ఎందుకు వాడతాడు?

మా ఇళ్లల్లో ఇంకో పేచీ ఉండేది, సూద్. డాకఖానా అప్పట్లో మూడు రూపాయల చిల్లర వడ్డీ ఇచ్చేది. తీసుకోవచ్చా, కూడదా? ఇది మన ఊళ్ల గొడవే అనుకునేవాణ్ని. ఈజిప్టులో 1901లో పోస్టాఫీసు సేవింగ్స్ పెడితే అక్కడా ఇదే. వేల మంది డబ్బు వేశారు, వడ్డీ మాత్రం మాకొద్దన్నారు. చివరికి ముఫ్తీ ముహమ్మద్ అబ్దుహ్ దాకా వెళ్లింది. మన దేశంలో కొందరు ఉలమా, సొమ్మును అక్కడ వదిలేయకండి, తీసుకుని సవాబ్ ఆశించకుండా గరీబులకు ఇచ్చేయండి అన్నారు. నానీ వాళ్ల అబ్బా అదే చేసేవారట.

సరే, కతార్ దగ్గరికి వద్దాం.

1893లో సామర్లకోటకు రైలొచ్చాక పెద్దాపురానికి మద్రాసు ఖబర్ చేరడం తేలికైంది. మంచి ఖబర్ ఎంత తొందరగా వస్తుందో చెడు ఖబర్ అంతకన్నా తొందరగా వస్తుంది. 1906 అక్టోబరు 22న మద్రాసులో ఆర్బత్‌నాట్ కంపెనీ తలుపులు మూసింది. ఆషామాషీ కొట్టు కాదది. దాదాపు వందేళ్ల దొరల కంపెనీ. ప్రెసిడెన్సీ అంతటా జమీందార్లు, పెన్షన్‌దార్లు, వకీళ్లు, బేవాలు అందులో డబ్బు దాచుకున్నారు. బాకీలు దాదాపు 2 కోట్ల 75 లక్షలు, చేతిలో ఉన్నది అందులో మూడో వంతు కూడా కాదు. లండన్‌లో దాని సాటి కంపెనీ నడిపే మెక్‌ఫాడియన్ రెండు రోజుల ముందే రైలు కింద పడి ప్రాణం తీసుకున్నాడు. సర్ జార్జ్ ఆర్బత్‌నాట్‌కు పద్దెనిమిది నెలల కఠిన ఖైద్ పడింది. ఆ మంటలోంచే వి. కృష్ణస్వామి అయ్యర్ వగైరాలు 1907లో ఇండియన్ బ్యాంకు పెట్టారు. అది వేరే కథ.

దొరల మాట పోయింది. స్వదేశీ బ్యాంకులన్నా నిలబడ్డాయా? 1913లో లాహోర్ పీపుల్స్ బ్యాంకు పోయింది. ఆ ఏడాది చివర్లో వెండి జూదంలో మునిగి బొంబాయి స్పీషీ బ్యాంకు పోయింది. వాటి వెంట డజన్ల కొద్దీ చిన్నవి.

ఆ మరుసటి ఏడాదే జంగ్. 1914 ఆగస్టు మొదటి నాలుగు రోజుల్లోనే సర్కార్ దగ్గరి నుంచి పద్దెనిమిది లక్షల పౌండ్ల బంగారం బయటికి పోయింది. ఆగస్టు 5న, ఇక మామూలు జనానికి బంగారం ఇవ్వం అన్నారు. ఈ ఒక్క ముక్క బజారులో వింటే ఎవరికి ఏమనిపిస్తుంది? బంగారం ఆపారు, రేపు రూపాయి ఆపరా? డాకఖానాల ముందు కతార్లు కట్టారు.

సెప్టెంబరులో ఎమ్డెన్ అనే జర్మన్ ఓడ బంగాళాఖాతంలో దిగి వర్తక ఓడల్ని ముంచడం మొదలుపెట్టింది. 22వ తేదీ రాత్రి మద్రాసు మీద గుళ్లు కురిపించింది. బర్మా ఆయిల్ ట్యాంకులు తగలబడ్డాయి, జనం వేలాదిగా నగరం వదిలారు. పెద్దాపురానికి కాకినాడ రేవు కూతవేటు దూరం. మద్రాసుకొచ్చిన ఓడ కాకినాడకు రాదని హామీ ఎవరిస్తారు? నవంబరు 9న కోకోస్ దీవుల దగ్గర ఎమ్డెన్ కథ ముగిసింది కానీ, ఆ నెలలోనే తుర్కీ సుల్తాన్‌తో కూడా ఇంగ్లీషు సర్కార్‌కు జంగ్ మొదలైంది. మా వాళ్లకు అది ఇంకో గుబులు. ఖలీఫాతో తలపడుతున్న సర్కార్ దగ్గర మన పైసలున్నాయి.

దేశం మొత్తం మీద పోస్టాఫీసు సేవింగ్స్ నిల్వ 1914 మార్చి 31 నాటికి 23 కోట్లు దాటింది. సరిగ్గా ఏడాది తర్వాత 15 కోట్ల లోపు. మూడో వంతుకు పైగా సొమ్ము ఇళ్లకు వెళ్లిపోయింది: బియ్యం డబ్బాల్లోకి, పాన్‌దాన్ల అడుక్కి, నేల కింద పాతిన చెంబుల్లోకి.

దీన్ని చదువురాని జనం బెదురుగా కొట్టిపారేయడం తేలిక. నేను ఒప్పుకోను. ఎనిమిదేళ్లలో మూడుసార్లు దివాలా చూసిన జనం వాళ్లు. దొరను నమ్మి చూశారు, స్వదేశీని నమ్మి చూశారు. మీ సొమ్ము భద్రం అని ప్రతివాడూ చెప్పాడు. బెదిరింది జహాలత్ వల్ల కాదు, తజుర్బా వల్ల.

అయితే ఈసారి కథ వేరేగా నడిచింది. సర్కార్ కిటికీ మూయలేదు. అడిగినవాడికి అడిగినంత, వాయిదా వేయకుండా ఇచ్చింది. కొన్ని నెలలకు కతార్లు పలచబడ్డాయి. ఇంగ్లీషు సర్కార్‌కు మన మీద ముహబ్బత్ ఉందని కాదు, జంగ్‌కు మన మనుషులూ కావాలి, పైసలూ కావాలి. కారణం ఏదైనా ఇచ్చింది. దాని పేరు మీద రాసుకోవాల్సింది రాసుకోవాలి.

ఇక్కడ నాకు హజ్రత్ జుబైర్ (రజి) గుర్తొస్తారు. ప్రవక్త (స) హిజ్రత్ రాత్రి, తన దగ్గర దాచిన అమానతులు ఎవరివి వాళ్లకు ఇచ్చి రమ్మని హజ్రత్ అలీ (రజి)ని మక్కాలో వదిలి వెళ్లిన సంగతి మన పిల్లలందరికీ తెలుసు. జుబైర్ సంగతి తక్కువమందికి తెలుసు. జనం ఆయన దగ్గర డబ్బు దాచడానికి వస్తే అమానత్‌గా పుచ్చుకునేవారు కాదు. ఖర్జ్‌గా, అంటే నాకిచ్చిన అప్పుగా రాసుకోండి అనేవారు. ఎందుకంటే అమానత్ తన తప్పు లేకుండా పోతే దాచుకున్నవాడు కట్టక్కర్లేదు, నష్టం ఇచ్చినవాడిదే. ఖర్జ్ అయితే ఇల్లు కాలినా, దోపిడీ జరిగినా కట్టి తీరాలి. ఆయన షహీద్ అయ్యేనాటికి అలా పేరుకున్న అప్పు ఇరవై రెండు లక్షలు. కొడుకు అబ్దుల్లా భూములు అమ్మి తీర్చాడు. తీర్చాక కూడా నాలుగేళ్ల పాటు హజ్‌లో ఎలాన్ చేయించాడు, మా నాన్న ఎవరికైనా బాకీ ఉంటే రండి అని. అప్పటిదాకా వారసత్వం పంచలేదు.

రోచ్‌డేల్ పెద్దమనుషులు ఇదే గీతకు అవతలి పక్కన నిలబడ్డారు. సొమ్ము తీసుకునేటప్పుడు మేము అమీన్‌లం అన్నారు, పోయాక మేము అమీన్‌లమే కదా, బాకీదార్లం కాదు అన్నారు. 1914లో డాకఖానా బాకీదారులా నిలబడింది. అబ్బా బ్యాంకు డైరెక్టర్లు ఎటు నిలబడ్డారో చెప్పక్కర్లేదు. 1960లో కేరళలో పాలై సెంట్రల్ బ్యాంకు పడిపోయాక మన దేశంలో డిపాజిట్ ఇన్సూరెన్స్ వచ్చింది, 1962లో. మొదట్లో హామీ 1,500 రూపాయలు. అబ్బా కతార్‌లో నిలబడ్డనాడు లక్ష. 2020లో అయిదు లక్షలైంది. అబ్బాకి ఆ ఖబర్ నేనే చదివి వినిపించాను. "ఇరవై ఏళ్లు లేట్ బేటా" అన్నారు.

నానీ పోయే ముందు ఏడాది అడిగాను, మీ అబ్బా జంగ్ అయ్యాక మళ్లీ డాకఖానాలో వేశారా అని.

"వేశారు. చేతిలో ఉంటే ఖర్చైపోతోందని మళ్లీ వేశారు."

"మరి నువ్వెందుకు వేయలేదు?"

"ఆయన మగవాడు, ఖబర్ బజారులోనే వింటాడు, పరిగెత్తి ముందు నిలబడతాడు. నాకు ఖబర్ ఇంట్లోకొచ్చి, బురఖా వేసుకుని, తోడు ఎవరన్నా దొరికి, నేను వెళ్లేసరికి కతార్ ఎంతుంటుంది?" అంది.