చెన్నపట్టణపు పాతపేటలలో ఒక దినము

చెన్నపట్టణమున హైకోర్టునకు ఎదుటివైపున, నేతాజీ సుభాష్ చంద్రబోసు పేరిటి రహదారి ప్రక్కన, డేర్ హౌస్ అను భవనపు ఆవరణలో ఒక రాతిస్తంభము కలదు. ఈస్టిండియా కుంఫిణీవారు తమ కోట చుట్టును విడిచిన బయలునకు ఎల్లలుగా 1773లో నిలిపిన ఆరు స్తంభములలో నేటికి మిగిలినది ఇదియొక్కటియే. పాతపేటలను తీరికగా చూడగోరు తెలుగువాడు తన నడకను ఇచ్చటనే ఆరంభింపవలెనని నా అభిప్రాయము. ఏలయన, హైకోర్టు నిలిచియున్న తావుననే మన వర్తకులును, నేతగాండ్రును, దుబాసీలును కట్టుకొన్న తొలి ఊరు ఉండెను. 1746లో పరాసువారు కోటను పట్టుకొని 1749లో విడిచిపోయిన పిమ్మట, ఫిరంగుల చూపునకు అడ్డు లేకుండుటకై కుంఫిణీవారు ఆ ఊరిని నేలమట్టము గావించిరి.

ఇండ్లతోబాటు అందలి చెన్నకేశవస్వామి దేవాలయమును పోయెను. ఊరి పుట్టుక అంతకు చాల మునుపటిది. 1639లో చంద్రగిరి రాయల సామంతుడైన దామెర్ల వెంకటప్ప నాయకుడు ఫ్రాన్సిస్ డే అను ఇంగ్లీషు వర్తకునకు ఈ తీరమున కోట కట్టుకొన ననుజ్ఞ యిచ్చెను. ఇంగ్లీషువారు నెల్లూరి సీమలోని దుగరాజపట్టణపు కొట్టును విడిచి ఇచ్చటికి వచ్చుటకు ముఖ్యకారణము నూలుబట్ట ఇచ్చట చవుకగా దొరకుటయే. వెంకటప్ప తండ్రి చెన్నప్ప పేరిట వెలసిన ఆ పట్టణమునకు చెన్నకేశవస్వామి ఇలవేల్పువంటివాడు. కూలిన కోవెలకు మారుగా, మణలి ముత్తుకృష్ణ మొదలియారు మున్నగువారి పూనికతో, పూలబజారు చెంత చెన్నకేశవ, చెన్నమల్లేశ్వరుల గుడులు ప్రక్కప్రక్కనే వెలసినవి. ఊరివారు ఈ జంటగుళ్ళను నేటికిని ‘పట్టణం కోవిల్’ అని పిలుతురు. కూలద్రోయబడిన ఊరిలోనుండి దేవుని వెంటబెట్టుకొని వచ్చి క్రొత్తపేట నడుమ నిలుపుకొన్న ఆ జనుల పట్టుదలను తలచుకొన్నప్పుడు నాకు మిక్కిలి గౌరవము గలుగును.

గుడి వెలుపలికి వచ్చి ఉత్తరముగా నడచిన, పెద్దనాయకన్ పేట. పట్టణమునకు వంశపారంపర్యముగా కావలికాయు పెద్దనాయకుని పేరే దానికి నిలిచినది. దానికి తూర్పున, సముద్రమువైపు, ముత్యాలపేట. ఈ రెంటి నడిమి ఎల్ల రక్తము చిందిన ఎల్ల. 1707లో, కుడిచేతి, ఎడమచేతి అను రెండు పక్షములుగా చీలియుండిన కులముల నడుమ ఘోరమైన కలహము పుట్టగా, గవర్నరు థామస్ పిట్ పెద్దనాయకన్ పేటను కుడిచేతివారికిని, ముత్యాలపేటను ఎడమచేతివారికిని కేటాయించెను. తీర్పు మెచ్చని కుడిచేతివారు ఇల్లువాకిళ్ళు విడిచి శాంథోమునకు తరలిపోయిరి. పెండ్లి ఊరేగింపు ఏ వీధిని పోవలెననుటకై మనుష్యులు చచ్చిన కాలమది. ఆ వైషమ్యము అణగినది గాని, వర్తకుల పేర్లు వీధుల మూలలను నేటికిని ఉన్నవి: సుంకురామ సెట్టి, తంబు సెట్టి, లింగి సెట్టి, గోవిందప్ప నాయకుడు. వీరిలో సుంకురాముడు పదునెనిమిదవ శతాబ్దారంభమున కుంఫిణీవారికి బట్టలు సమకూర్చిన వర్తకులలో అగ్రగణ్యుడు.

ముత్యాలపేట చేరువనున్న బందరు వీధిలో కొంత తడవు ఆగవలెను. కోవూరు సుందరేశ మొదలియారు ఇంట త్యాగరాజస్వామి విడిసినది ఈ వీధిలోనే. ఆయన శిష్యుడైన వీణ కుప్పయ్యరు వాసము ఈ పేటలోనే. కావేరీతీరపు తిరువయ్యారునుండి వచ్చిన త్యాగరాజస్వామి తెలుగు కీర్తన పాడుచుండగా, అరవము మాతృభాషయైన గృహస్థులు చేతులు జోడించి వినిరి. ఒక భాషకు ఇంతకంటె గొప్ప ఆతిథ్యము మరియొకచోట లభించినదని నేను తలపను.

తంబు సెట్టి వీధిలో కాళికాంబ ఆలయమున్నది. అదే వీధినుండి కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి ఆంధ్రపత్రిక 1914 మొదలు దినపత్రికయై వెలువడెను. ఆంధ్రోద్యమపు వార్తలు తెలుగు జిల్లాలకు ఈ ఇరుకుసందునుండియే ప్రయాణము చేసినవి. ఆంధ్రపత్రికకు మునుపే, 1844లో, ఈ పాతపేటల వర్తకుడు గాజుల లక్ష్మీనరసు సెట్టి ‘క్రెసెంటు’ పత్రికను నెలకొల్పి, 1852లో మద్రాసు నేటివ్ అసోసియేషనును స్థాపించి, కుంఫిణీ ఏలుబడిలోని అన్యాయములను పార్లమెంటు చెవిని వేసెను. నీలిమందు, బట్టల వ్యాపారమున గడించిన ధనమును ప్రజాకార్యమునకు ధారవోసిన ఆయన పేరు మన పిల్లల వాచకములలో నేను చూచి యెరుగను.

మరియొక పేటవాసి ఏనుగుల వీరాస్వామి. నాటి మదరాసు సుప్రీంకోర్టున దుబాసిగా నుండిన ఈయన 1830 మే 18న తండయారుపేటనుండి పరివారముతో వెడలి, మన హైదరాబాదులో మజిలీచేసి, నాగపురము మీదుగా కాశికి పోయి, 1831 సెప్టెంబరు 3న మరలివచ్చెను. సికిందరాబాదునుండి ఉత్తరముగా నాగపురమునకు బోవు నేటి రహదారి, నేను నివసించు జీడిమెట్లకు చేరువగానే సాగును. పలు జిల్లాలనుండి, పరరాష్ట్రములనుండి పొట్టచేతబట్టుకొని వచ్చినవారు మా పారిశ్రామికవాడ చుట్టును ఇండ్లు కట్టుకొనుటను అనుదినము చూచుచుండుటచేత, ఇసుకతీరమున ఊరు కట్టుకొన్న ఆ తొలి వలసవారు నాకు దూరపువారుగా తోపరు.

పొట్టి శ్రీరాములుగారు ఆంధ్రరాష్ట్రమునకై 58 దినములు నిరాహారులై 1952 డిసెంబరు 15న ఇదే నగరమున, మైలాపూరులో, ప్రాణము విడిచిరి. మరుసటి యేట మదరాసు లేకయే ఆంధ్రరాష్ట్రము ఏర్పడెను. నాటినుండి చెన్నపట్టణము మనకు పరాయిది. ‘మదరాసు మనదే’ యని కంఠమెత్తినవారము, మనవారు కట్టిన ఈ వీధుల కథను మాత్రము ఓపికతో కూర్చుకొనలేదు. నగరముపై అధికారము పోయినందుకు నాకు విచారము లేదు. ఎరుక పోవుచున్నందుకు కలదు.

కావున చూడబోవువారికి నాదొక విన్నపము. కన్యకాపరమేశ్వరీ దేవస్థానమువారి కొత్వాల్ చావడి కూరగాయల అంగడి 1996లో కోయంబేడునకు తరలినను, ఈ పేటల టోకు వర్తకపు సందడి తగ్గలేదు. పనిదినములలో బండ్ల నడుమ తల యెత్తి చూచుటకే వీలుపడదు. ఆదివారము ఉదయమున పోవుడు. పెక్కు అంగళ్ళ తలుపులు మూసియుండును గనుక, వాని మరుగున నుండు పాత అరుగులును, కొయ్యస్తంభములును, వీధిమూలల పేర్లును తీరికగా చూడవచ్చును.